షెల్టర్ కుక్క మీద ప్రేమ భరతుడి మోహం లాంటిదేనా?

జడభరతుడి వీడియో పెట్టాక వచ్చిన ప్రశ్నల్లో ఒకటి రెండు మాటల్లో తేలేది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను. అడిగింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి. శని, ఆదివారాలు పొద్దున్నే ఒక జంతు షెల్టర్‌కి వెళ్లి, దత్తత కోసం ఎదురుచూస్తున్న కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్తుందట. మూడు నెలలు ఒకే కుక్కని నడిపించింది. పోయిన నెల దాన్ని ఒక కుటుంబం తీసుకెళ్లింది. సంతోషించాల్సింది పోయి రెండు రోజులు ఏడ్చిందట. అది చూసి వాళ్ల అమ్మమ్మ, "భరతుడు లేడిపిల్ల మీద మనసు పెట్టుకుని లేడై పుట్టాడు, నువ్వేమై పుడతావో చూసుకో" అందట. ఆవిడ సగం సరదాకే అని ఉంటారు. అమ్మాయి ప్రశ్న మాత్రం సరదా కాదు. ఎలాగూ వెళ్లిపోయే ప్రాణి మీద ప్రేమ పెంచుకోవడం దయా, మోహమా? మానేయాలా?

ఈ వాకింగ్ ఏమిటో తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను. వీధికుక్కలకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే మళ్లీ వదలాలన్నది 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లోని మూల పద్ధతి. కానీ మళ్లీ వీధిలో బతకలేనివి ఉంటాయి. బండి కింద పడి కాలు పోయినది, తల్లి లేని పిల్ల, ఊరు మారుతూ యజమాని గేటు దగ్గర కట్టేసి వెళ్లిపోయిన లాబ్రడార్. ఇల్లు దొరికేదాకా వాటికి షెల్టరే దిక్కు. రోజంతా జాలీ వెనక, చుట్టూ మిగతా కుక్కల మొరుగుడు. షెల్టర్‌కి వచ్చిన తొలి రోజుల్లో కుక్క ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ బాగా పెరుగుతుందనీ, మనిషి పక్కన కాసేపు నెమ్మదిగా గడిపితే తగ్గుతుందనీ పరిశోధకులు కొలిచి చూశారు.

వాలంటీర్ చేసేది చూడ్డానికి చిన్న పని. తారు రోడ్డు కాలకముందే వెళ్లాలి. కాలర్ కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఉందో లేదో చూసుకుని లీష్ తగిలించాలి. అరగంట నడవాలి. కొత్తవాళ్లు కుక్క ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుంటే విసుక్కుని లాగుతారు. అలా లాగకూడదు. దానికి లోకం తెలిసేది ముక్కుతోనే, ఆ వాసన చూడనివ్వకపోతే అది నడక కాదు, ఈడ్చుకెళ్లడం. ఈ అరగంటల్లోనే అది ఆటో హారన్‌కి బెదరకుండా, లీష్‌ని పీకకుండా, కొత్త మనిషి వస్తే మీద పడకుండా ఉండటం నేర్చుకుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ల మీదకి ఎగబడే కుక్కని ఇంటికి తీసుకెళ్లాలంటే ఎవరైనా జంకుతారు కదా.

ఇప్పుడు భరతుడి దగ్గరికి. కథ భాగవతం పంచమ స్కంధంలో ఉంది. (తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతన రాసింది కాదు, గంగన రాసింది. చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నా.) రాజ్యం, భార్యాపిల్లలు, అన్నీ వదిలి గండకీ తీరంలో తపస్సు చేసుకుంటున్నాడు భరతుడు. సింహగర్జన విని బెదిరిన నిండుచూలాలు లేడి ఒకటి నది దాటబోయి ఎగిరింది. కడుపులో పిల్ల జారి నీళ్లలో పడింది. తల్లి చచ్చిపోయింది. ఆయన దిగి ఆ పిల్లని తీశాడు, ఆశ్రమానికి తెచ్చి సాకాడు. మెల్లగా జపం తగ్గింది, పూజ తగ్గింది, లేడి కనిపించకపోతే ప్రాణం విలవిల్లాడింది. చివరి క్షణంలో కళ్లముందు అదే ఉంది. లేడిగా పుట్టాడు.

దీన్ని మనవాళ్లు సాధారణంగా ఎలా చెప్తారంటే, "చూశారా, జంతువుల మీద ప్రేమ పెట్టుకుంటే ఇంతే" అని. నాకు ఈ ముక్తాయింపు నచ్చదు. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లని తీయడం తప్పని ఆ కథలో ఎక్కడా లేదు. తీయకుండా కళ్లు మూసుకుని జపం చేసుకుని ఉంటే ఆయన్ని మనం ఈరోజు తలుచుకునేవాళ్లమా?

అసలు చిక్కు వేరే చోట ఉంది. పిల్లని సాకుతూ భరతుడు తనకి తాను చెప్పుకునే మాట ఇది: దీనికి నేను తప్ప ఎవరూ లేరు, నన్నే నమ్ముకుంది, శరణన్నదాన్ని వదిలేయడం దోషం. సరిగ్గా ఇదే మాట మహాభారతంలో ధర్మరాజు అంటాడు. హస్తినాపురం నుంచి వెంట నడిచిన కుక్కని వదిలేసి రథం ఎక్కమంటాడు ఇంద్రుడు. కుక్కల్ని పెట్టుకున్నవాళ్లకి స్వర్గంలో చోటు లేదంటాడు (మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కనిపించే మాటే). నమ్మి వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం నాకొద్దంటాడు ధర్మరాజు. ఒకే మాట అన్న ఇద్దరిలో ఒకరికి ఆ కుక్కే ధర్మదేవతై కనిపించింది, ఇంకొకరు లేడై పుట్టారు. ఎందుకు?

జవాబు ఇంద్రుడి ఎదురుప్రశ్నలో దొరుకుతుంది. ద్రౌపదిని, తమ్ముళ్లని దారిలో వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కని వదలలేవా అంటాడు. వాళ్లు చనిపోయారు, బతికించే శక్తి నాకు లేదు, బతికి ఉండగా వాళ్లని నేను వదల్లేదు అంటాడు ధర్మరాజు. ఐదుగురు కళ్లముందు ఒక్కొక్కరే పడిపోతుంటే ముందుకి నడిచిన మనిషి ఆయన. కుక్క లేకపోతే బతకలేనని ఆయన అనలేదు. దాని ప్రాణం గురించి ఆలోచించాడు. భరతుడూ మొదట దాని ప్రాణం గురించే ఆలోచించాడు, కానీ రానురాను అది కనబడకపోతే తన గతేమిటన్న దగ్గరికి వచ్చేశాడు. మాట మారలేదు, మాట వెనక ఉన్న మనిషి మారిపోయాడు. మోహం ఎప్పుడూ దయ భాషలోనే మాట్లాడుతుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

మరి మన అమ్మాయి తన మనసులో ఏముందో ఎలా చూసుకోవాలి? ఏడుపు వచ్చిందా లేదా అన్నది కొలత కాదని నా ఉద్దేశం. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకోని తల్లి ఉందా? పెళ్లి ఆపేసిన తల్లి ఉంటే అప్పుడు మాట్లాడుకోవాలి. నేనైతే చేతలు చూడమంటాను. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఆన్‌కాల్ డ్యూటీ దిగేటప్పుడు తర్వాతివాళ్లకి హ్యాండోవర్ నోట్ రాస్తాం. అది లేకుండా అన్నీ తన బుర్రలోనే పెట్టుకున్నవాడు టీమ్‌లో అందరికీ కావాల్సినవాడే, కానీ సిస్టమ్‌కి మంచి చేస్తున్నవాడు కాదు. షెల్టర్‌లో కూడా అంతే. "దీనికి స్కూటర్లంటే భయం, ఎడమవైపు నడిస్తే కుదురుగా ఉంటుంది, చెవి ముట్టుకోనివ్వదు" అని రాసిపెట్టే వాలంటీర్, వేరేవాళ్లకి లీష్ ఇచ్చి పక్కన నడిచే వాలంటీర్, ఆ కుక్క వెళ్లిపోవడానికి దారి వేస్తున్నట్టు. "అది నాతో తప్ప ఎవరితోనూ నడవదు" అని మురిసిపోతున్నారంటే లేడిపిల్ల ఆశ్రమంలోకి వచ్చేసిందన్నమాట. భరతుడు ఆ పిల్లని ఏ లేళ్ల గుంపు దగ్గరికీ తీసుకెళ్లినట్టు కథలో లేదు.

ఇంకో రకం వాలంటీర్లు ఉన్నారు, వాళ్ల గురించి చెప్పక తప్పదు. రెండు వారాలు వస్తారు, రీల్ తీస్తారు, మాయమవుతారు. అడిగితే "నేను అటాచ్‌మెంట్ పెట్టుకోను" అంటారు. దీన్ని వైరాగ్యం అనకండి దయచేసి. ఆదివారం ఏడింటికి గేటు వైపు చూసే కుక్కకి మీ వేదాంతం తెలియదు. ఏడుస్తూ అయినా వారం తప్పకుండా వచ్చే ఆ అమ్మాయే నయం.

ఇదంతా ఇల్లు దొరికే కుక్కల సంగతి. దొరకనివి కూడా ఉంటాయి. ముసలివి, మూడు కాళ్లవి, ఏళ్ల తరబడి మందులు వేయాల్సినవి. వచ్చినవాళ్లు పిల్లల దగ్గరే ఆగిపోతారు, వీటి గది దాకా రారు. వీటిని నడిపిస్తే ఏ ఇంటికి సిద్ధం చేస్తున్నట్టు? ఇక్కడ నేను పైన చెప్పిన హ్యాండోవర్ లెక్క పనిచేయదు, ఒప్పుకోవాలి. ఆ కుక్కకి ఆ అరగంటే ఉంది. వేపచెట్టు కింద మట్టి వాసన చూసి, ఎండలో కాసేపు పడుకుని, తిరిగి గదిలోకి వెళ్తుంది. చేసినవాడికి ఫలితం చూపించుకోవడానికి ఒక్క అడాప్షన్ ఫోటో కూడా మిగలదు. నిష్కామకర్మ గురించి మనం ఎన్నో వీడియోలు చేశాం. ఆ మాటకి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు.

అమ్మమ్మగారికి ఒక్క మాట. భరతుడి కథ లేడితో ఆగదు. లేడి జన్మలోనూ ఆయనకి జరిగింది గుర్తుంది. మూడో జన్మలో బ్రాహ్మణుడి ఇంట పుట్టి, మళ్లీ దేనికీ చిక్కుకోకూడదని పిచ్చివాడిలా, మందమతిలా తిరిగాడు. అందుకే జడభరతుడయ్యాడు. ఒకరోజు సింధు సౌవీర రాజు రహూగణుడి మనుషులు ఆయన్ని పట్టుకెళ్లి పల్లకీ మోయించారు. పల్లకీ కుదుపులకి రాజుకి కోపం వచ్చింది. మిగతా బోయీలు సరిగ్గానే నడుస్తున్నారు, తేడా ఈ కొత్తవాడి దగ్గరే. ఒక ప్రాణి మీద మనసు పెట్టుకుని ఒక జన్మంతా పోగొట్టుకున్న మనిషి, కాలి కింద ఏ ప్రాణీ నలగకుండా ముందు నేల చూసుకుంటూ అడుగు వేస్తున్నాడు. రాజు తిట్టినా ఆ నడక మార్చలేదు.

రహూగణుడితో ఆయన సంభాషణ వచ్చే వారం వీడియోలో.