గుమాస్తా పది నయాపైసలు

1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలన్నారు. చిక్కు వచ్చిపడింది ఒక కిరాణా కొట్టు గుమాస్తాకి. ఆయనకి లెక్కంటే సగం చెయ్యడమే. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, ఆ సగం బేడ, దాన్లో సగం అణా. ముప్పై ఏళ్లుగా ఆ గళ్లలోనే చిట్టా.

పది నయాపైసల ఉప్పు అమ్మారు. ఏ గడిలో వెయ్యాలి? అణా అంటే ఆరుంబావు పైసలు. అర్ధణా కలిపితే 9.375. అర్ధణాలో సగమైన కానీ వేస్తే ఎక్కువైపోతోంది, దాన్లో సగమూ ఎక్కువే. మళ్లీ సగం చేసి వేస్తే 9.765625. ఇంకో సగానికి 9.9609375. కుడిపక్క గళ్లు గీస్తూనే పోయాడు. కాగితం అంచు వచ్చింది గానీ పది రాలేదు.

"ఇంతకన్నా దగ్గరగా ఎవడూ రాయలేడు" అని కలం పెట్టేశాడు. నిజమే, ఆ గళ్లలో ఎవరూ రాయలేరు.

మొత్తం పెరిగేకొద్దీ చోటు చాలక చివరి గళ్లు వదిలేసేవాడు. ఉగాదికి చూస్తే పైనుంచి కూడితే ఒక లెక్క, కిందనుంచి కూడితే ఇంకో లెక్క. గల్లాపెట్టె రెంటికీ దూరం.

షావుకారు కూతురు చిట్టాలోకి తొంగిచూసింది. "గుమాస్తాగారూ, పైసలే లెక్కపెట్టి రాయండి. పది పైసలంటే 10."

"మరి రూపాయలేవమ్మా?"

"చివరి రెండంకెల ముందు చుక్క పెట్టండి."

నీతి: డేటాబేస్‌లో ఫ్లోట్, డబుల్ కాలమ్‌లు ఆ పాత చిట్టాలే. 0.1 ఇస్తే అవి దాచేది సగాల మొత్తాన్ని. డబుల్‌లో 53 బిట్లకి కాగితం అంచు వచ్చేస్తుంది. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది. జ్వరం కొలతకైతే పేచీ లేదు, థర్మామీటరే అంత కచ్చితం కాదు. డబ్బుకి మాత్రం డెసిమల్ (12, 2) పెట్టండి: మొత్తం పన్నెండంకెలు, అందులో చుక్క తర్వాత రెండు. లేదా పైసల్నే పూర్ణాంకంగా దాచండి. ఎస్‌క్యూలైట్‌లో నేనైతే ఈ రెండోదే చేస్తాను, అక్కడ డెసిమల్ అని పేరు పెట్టినా 10.10 లోపల డబుల్‌గానే పడుతుంది. కాలమ్ సరిగ్గా పెట్టి, ప్రోగ్రాంలో మళ్లీ ఫ్లోట్‌లోకి తీసుకుని కూడేవాళ్లని చాలామందినే చూశాను.

ఇంత చేసినా, వంద రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33.33 పోను ఒక పైసా మిగులుతుంది. అది ఎవరి ఖాతాలో వెయ్యాలో డెసిమల్ చెప్పదు, షావుకారునే అడగాలి.