చదవలేని బిడ్డ ఎవరి బాకీ?

బడిలో వెనకబడ్డ పిల్లవాణ్ణి గురించి మనలో ఒక మాట వాడుకలో వుంది: ‘‘వాడి బుర్రకెక్కదు.’’ యీ మాట అనేవాళ్లు దుర్మార్గులు కారు. చాలాసార్లు వాళ్లు అలసిపోయిన ఉపాధ్యాయులు, ఆశ చంపుకున్న తల్లిదండ్రులు. అయినా యీ మాటను పరీక్షించక తప్పదు. యిది సాంఘికమైన లోపాన్ని తీసుకొచ్చి పసివాడి పుర్రెకు అంటగడుతున్నది.

పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య సమకూర్చడానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం చెప్పింది. ఆ గడువు 1960తో తీరిపోయింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. పిల్లలు బడికి వచ్చారు. కాని గ్రామీణ భారతంలో 5వ తరగతి చదివేవారిలో సగానికన్న ఎక్కువమంది 2వ తరగతి పాఠం చదవలేకపోయారని 2022 నాటి అసర్ సర్వే తేల్చింది. కరోనాతో బడులు మూతపడటం కారణమనవచ్చు. అయితే 2018లోనూ దాదాపు సగంమందిది అదే స్థితి. దేశంలో సగంమంది బిడ్డలు బుర్ర లేకుండా పుడుతున్నారని ఎవరనగలరు?

ఒక పల్లెబడిలో 4వ తరగతి పిల్లను చూశాను. వాచకం తెరిచి పాఠం గడగడా వొప్పజెప్పింది. వాక్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి యిదేమిటన్నాను. ఆ పిల్ల మళ్లీ పంక్తి మొదటినుంచి అందుకున్నది! అది చదువు కాదు, జ్ఞాపకం. అక్షరమాల ఆమెకు వచ్చు; గుణింతాల దగ్గర తడబడుతుంది, వొత్తుల దగ్గర ఆగిపోతుంది. 2వ తరగతిలో తడబడినప్పుడు ఎవరూ ఆగలేదు. 3వ తరగతి పుస్తకం అసలే ఆగలేదు.

నీతిప్రశ్న యిక్కడే వుంది. ‘‘నేను అందరికీ సమానంగానే చెప్పాను’’ అంటాడు ఉపాధ్యాయుడు. అబద్ధం కాదు. కాని అసమానంగా వున్నవారికి సమానంగా పంచితే అసమానత అలాగే నిలిచివుంటుంది. యింట్లో పుస్తకాలున్న పిల్లవాడికి బడి రెండో గురువు; కూలివాడి బిడ్డకు బడి ఒక్కటే గురువు. ఎవరికి వేరే దిక్కు లేదో వారికే బడి కాలం మీద ఎక్కువ హక్కు వుంది.

అలాగైతే చురుకైన పిల్లలకు అన్యాయం జరగదా అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రథమ్ సంస్థ అనుసరించిన పద్ధతి దీనికొక జవాబు చెబుతుంది: రోజూ కొంతసేపు తరగతులు పక్కనపెట్టి, పిల్లలను చదవగలిగిన స్థాయినిబట్టి జట్లు చేసి నేర్పడం. అక్షరం రానివాడికి అక్షరం, కథ చదివేవాడికి కథ. 2019లో నోబెల్ బహుమానం పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు కూడా యిలాంటి బోధనను పరీక్షించి, వెనకబడ్డ పిల్లలు ముందుకు వస్తారని చూపారు. యిందులో ఎవరి వాటా ఎవరూ లాక్కోవడం లేదు.

2019లో చట్టాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో నిలిపివుంచే వీలు కల్పించారు. నాలుగేళ్లు నేర్పని బడికి శిక్ష లేదు. బడి పడ్డ బాకీ పిల్లవాడు తీర్చాలి!

‘‘యింట్లో చదివించండి’’ అని తల్లికి చెప్పడం కూడా యిలాంటిదే. పొద్దుగూకి నాట్లనుంచి వచ్చిన తల్లి, చదువురాని తల్లి, ఏం చదివిస్తుంది? అయినా ఆమె చేతులు వుత్తవి కావు. సామెత, పొడుపుకథ, పాట ఆమె ఆస్తి. చెవికి తెలిసిన మాటను కన్ను తొందరగా గుర్తుపడుతుంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ‘‘ఏదీ, ఆ కథేమిటో చదివి చెప్పు’’ అని పదినిమిషాలు వింటే చాలు. అది బడికి తోడవుతుంది. బడికి బదులు కాజాలదు.

యింటి భాష విలువ గిడుగు రామమూర్తి ఎప్పుడో గ్రహించాడు. సవరలకు చదువు చెప్పడానికి తాను సవర భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో పుస్తకాలు రాశాడు, బడులు నడిపాడు. పేదవాడు ఇంగ్లీషు కోరడం తప్పు కాదు. అది అతని హక్కు. కాని తెలియని లిపిని తెలియని భాషలో నేర్పితే పసివాడి మీద రెండు బరువులు పడతాయి. తెలిసిన భాషలో చదవడం వస్తే రెండో భాష దారి సులువవుతుంది.

చివరకు యిది రచయితల సమస్య కూడా. ప్రజలకోసం రాస్తున్నామంటాం. వాక్యం మధ్యలో వేలు పెడితే మొదటికి పోయే ఆ పిల్ల రేపు మన పత్రిక తెరవగలదా? ఆమెకు చదవడం వచ్చేదాకా, మనం రాసేది అప్పటికే చదివినవాళ్లకోసమే.