ఆ అబద్ధం ఎవరిది?

నిజమే చెప్పాలని ఒకటో తరగతి నుంచి చదువుకుంటున్నాం. అయినా ఏడో తరగతిలో నేను నెలకొక అబద్ధం రాసేదాన్ని. లీవు లెటరులో "జ్వరం వచ్చినందున" అని రాసి నాన్నతో సంతకం పెట్టించుకునేదాన్ని. వచ్చింది జ్వరం కాదు, నెలసరి. ఆ సంగతి అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, చదివిన టీచరుగారికీ తెలిసే ఉంటుంది. అందరికీ తెలిసిన ఆ అబద్ధం ఎవరిది?

మాది కోయంబత్తూరు దగ్గర పల్లె. మా ఇంట్లో నెలసరికి పేరే లేదు, "దూరం" అంటారు. దేవుడి గదికి దూరం, వంటింటికి దూరం. బడిలో గుడ్డ మార్చుకునే చోటు లేదు, మరక పడుతుందని భయం. అందుకని బడికీ దూరం. నెలకు 3 రోజులంటే 10 నెలలకు 30 రోజులు. బీజగణితం మొదలుపెట్టిన రోజు నేను బడిలో లేను. ఆ ఏడంతా లెక్కలంటే వణుకే.

ఎనిమిదిలో ఉండగా ఆరోగ్య నర్సక్క మా బడికి వచ్చింది. గర్భసంచిలో నెలనెలా ఒక పొర ఏర్పడుతుందని, గర్భం రానప్పుడు అది రక్తంతో బయటికి పోతుందని బొమ్మ గీసి చెప్పింది. ప్యాడు నాలుగైదు గంటలకొకసారి మార్చాలంది. గుడ్డయితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరెయ్యాలంది. మేమేమో వేరే బట్టల కింద దాచి ఆరేసేవాళ్ళం! పల్లెటూరి ఆడపిల్లలకు ఉచితంగా ప్యాడ్లిచ్చే 'పుదుయుగం' పథకం తమిళనాడులో 2012లోనే మొదలైందని అప్పుడే తెలిసింది.

మన కోయంబత్తూరు అరుణాచలం మురుగానందం గారు తక్కువ ఖర్చుతో ప్యాడ్లు చేసే యంత్రం కనిపెట్టారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. భార్య పాతగుడ్డలు దాచడం చూసి "అదేంటి?" అని అడగడంతోనే ఆ పని మొదలైంది. అడగడానికి ఆయన సిగ్గుపడలేదు.

మా అవ్వ మాత్రం, "ఆ మూడు రోజులే కదమ్మా మాకు విశ్రాంతి, అదీ పోగొట్టుకుంటారా?" అంటుంది. ఆ మాట తీసిపారేసేది కాదు. నొప్పి ఉన్న రోజు పడుకోవడం తప్పు కాదు. కానీ విశ్రాంతి మనం కోరి తీసుకునేది. దూరం మనల్ని అడగకుండా పెట్టేది.

నిజం చెబితే తల దించుకోవాల్సి వస్తుందంటే పిల్లలు అబద్ధమే చెబుతారు. కాబట్టి ఆ అబద్ధంలో రాసిన నాకు కొంత, అలా రాయించిన మౌనానికి ఎక్కువ భాగం ఉంది. నీళ్ళున్న మరుగుదొడ్డి, మూత ఉన్న చెత్తబుట్ట, అబ్బాయిలు కూడా కూర్చుని వినే ఒక పాఠం ఉంటే ఆ మౌనం పోతుంది.

పోయిన నెల లెటరులో ఇలా రాశాను: "నెలసరి నొప్పిగా ఉంది, ఒక పూట సెలవు కావాలి." నాన్న చదివారు. కాసేపు ఏమీ అనలేదు. సంతకం పెట్టి, "వేడినీళ్ళు కాచి ఇవ్వనా అమ్మా?" అన్నారు.

మధ్యాహ్నం లెక్కల క్లాసుకు నేను వెళ్ళాను.