అరవైనాలుగో గడి

మొన్న ఆదివారం బియ్యం ఏరుతూ కూర్చున్నాను. మా చిన్నవాడు చదరంగం బల్ల తెచ్చి ముందు పెట్టాడు. "అమ్మా! మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు... ఇలా అరవైనాలుగు గళ్ళకీ ఎన్ని గింజలు కావాలి?" అన్నాడు.

చేటెడు చాలవూ, అన్నాను. మొదటి వరసకి 255 గింజలు, గుప్పెడైనా కాలేదు. రెండో వరస ముగిసేసరికి 65,535. కిలో పైచిలుకు. మూడో వరసకి మూడు నాలుగు బస్తాలు. ఆపైన మిర్యాలగూడ మిల్లులన్నీ కలిసి ఆడించినా లాభం లేదు.

మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! ఇంత సంఖ్యనీ ఏనాడో పావులూరి గణితంలో ఒక్క పద్యంలో ఇమిడ్చారు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

అంకెలన్నీ కూడితే 87, కనుక మూడుతో నిశ్శేషంగా పోతుంది. చివర అయిదుంది కనుక అయిదుతోనూ పోతుంది. కానీ నన్ను పట్టుకున్న గుణం వేరు. ఏ గడి చూసినా, అందులోని గింజలు వెనకటి గళ్ళన్నిటి మొత్తానికంటే ఒకటి ఎక్కువ. ఎనిమిదో గడిలో 128. ముందరి ఏడింటిలో కలిపి 127. ఇంతవరకూ మోసిందంతా ఒక ఎత్తు, రాబోయే ఒక్క గడీ ఒక ఎత్తు.

ఇది మా నల్గొండ వైపు వాళ్ళకి కొత్త కాదు. దొరల కాలంలో నాగు అని ధాన్యపు అప్పు ఉండేది. కళ్ళంలో ఒకటికి ఒకటిన్నర కొలవాలి. కొలవలేకపోతే అదే మళ్ళీ అసలు. అలా పెరిగితే ఒక బస్తా పదేళ్ళలో యాభై ఏడు దాటుతుంది. తండ్రి తీర్చలేనిదానికి కొడుకు జీతముండేవాడు. 1976లో వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా పాలమూరు కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకి కట్టుబడి, ఊరు విడిచి మట్టి మోశారు.

ఆ గుణకారంలో తప్పేం లేదు. మరి అన్యాయం ఎక్కడ దూరింది? మనుస్మృతి సైతం డబ్బప్పు రెట్టింపు దాటకూడదంది. ధాన్యానికి మాత్రం అయిదింతల దాకా వదిలేసింది! సంఖ్యకి ఆగడం తెలీదు. ఆ తెలివి మనిషికుండాలి.

ఇంత ఆలోచించాక నా డైరీ గుర్తొచ్చింది. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి పెళ్ళికి నా దగ్గర ఇరవైవేలు తీసుకుంది. నూటికి రెండు. బయట అయిదు నడుస్తుంటే రెండే తీసుకుంటున్నానని లోలోపల మురిసిపోయేదాన్ని. ఇవ్వలేని నెలల వడ్డీని అసల్లో కలుపుతూ వచ్చాను. ఆ లెక్కన మూడేళ్ళకి అసలు రెట్టింపు. అంటే చదరంగంలో ఒక గడి.

ఆ రాత్రే వడ్డీ మీద వేసిన వడ్డీ కొట్టేశాను. పొద్దున ఆమెకి చెబితే, "గీ మాట ముందుగాల చెప్తే అయిపోవు గదమ్మా! నిన్ననే కమ్మలు కుదవబెట్టి పైసలు తెచ్చిన" అంది.

అక్కడ వడ్డీ ఎంతో అడగడానికి నాకు నోరు రాలేదు.