సగం మునిగిన వంతెన



జలాశయం కట్టిన తావున పాత రోడ్డు వంతెనను మీరు చూసే ఉంటారు. నడుమ నాలుగు ఖానాలు నీళ్లపైన, రెండు చివరలూ నీళ్లల్ల. దూరం నుంచి చూస్తే వంతెనే. ఎక్కితే మాత్రం ఏ ఒడ్డుకూ చేర్చదు.

దీక్ష తీసుకున్న మన ఇండ్లు కొన్ని అట్లనే ఉన్నయి. ఎవరి ఇల్లో ఎందుకు, నా ఇల్లే చెప్త. పన్నెండేండ్ల కింద తరిగొప్పులలో మా నాయిన పోయిండు. గోడకు బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం ఉన్నయి. అయినా "దినాలు చెయ్యకుంటే రేపు నీ ఇంటికి ఎవరొస్తరు?" అన్నరు పెద్దలు. భయపడ్డ. పదకొండో దినం పిండం పెట్టిన. శ్రాద్ధం చెయ్యను, పిండం పెట్టను అనేది 22 ప్రతిజ్ఞలలో ఆరవది. ఆ ప్రతిజ్ఞ తప్పిన. దినాలకు తెచ్చిన అప్పు రెండేండ్లకు తీరింది, సిగ్గు తీరలేదు.

ఇప్పుడు నాగార్జునకొండను తలుచుకోండి. ఇక్ష్వాకుల విజయపురి అది. చాంతిసిరి మహాచైత్యానికి దానమిచ్చింది, బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికి, అనుపు ఒడ్డుకు చేర్చారు. సరిగ్గా ఆ ఏండ్లలోనే, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు. ఇక్కడ రాళ్లు కొండెక్కుతుంటే అక్కడ మనుషులు లేచి నిలబడ్డరు.

నీళ్లు పెరిగినప్పుడు చేయాల్సిన పని ఇదే. ఏది పైకి మోసుకుపోవాలో, ఏది నీళ్లకు వదలాలో తేల్చుకోవాలి. బుద్ధుడు తెప్ప కథ చెప్పిండు కదా. ఏరు దాటినోడు తెప్పను నెత్తిన మోసుకొని తిరగడు. దాటించిన తెప్పనే వదలమంటే, దాటించని వంతెనను పట్టుకొని కూర్చుంటమా?

అయితే అన్నీ వదలమని కాదు. డప్పు మనది, దాన్ని పైకి తెచ్చుకుందాం. చావుకు ఊరికే డప్పు కొట్టే వెట్టిని వదులుదాం. చుట్టాల ప్రేమ మనది. పిండం, ముహూర్తం, అంటు నీళ్లలో ఉండనిద్దాం.

మూడేండ్ల కింద మా అమ్మ పోయింది. త్రిశరణం, పంచశీల చెప్పుకున్నం. వచ్చినోళ్లకు అన్నం పెట్టినం. దినాలకయ్యే పైసలతో హాస్టల్ పిల్లలకు పుస్తకాలు కొన్నం. ఇద్దరు చుట్టాలు అలిగి రాలేదు. పాడె మాత్రం ఆగలేదు, భుజం పట్టేటోళ్లు వరుస కట్టిండ్రు. నా తొమ్మిదేండ్ల భయం ఆ దినం పోయింది.

ఒక్క మాట యాదుంచుకోండి. చావు ఇంట్ల ధైర్యం అప్పటికప్పుడు రాదు. అందుకే ఈ రాత్రి అన్నం తిన్నంక అమ్మను, అన్నదమ్ములను, కోడళ్లను, పిల్లలను కూర్చోబెట్టండి. పోయిన దినం ఏం చేయాలో, ఏం చేయొద్దో మాట్లాడి ఒక కాగితం మీద రాసుకోండి. అందరూ సంతకం పెట్టండి. కొత్త దారికి మొదటి రాయి అదే.

జై భీమ్! నమో బుద్ధాయ!