నొప్పి ఎముకదా, మనిషిదా?

ఏళ్ల తరబడి వదలని నడుం నొప్పికి స్కానింగు తీయిస్తే 'డిస్కు అరిగింది, గ్యాప్ తగ్గింది' అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో ఒక తర్కం దాగి ఉంది. అరుగుదల కనిపిస్తోంది కాబట్టి నొప్పి అక్కడిదే. కదిలితే నొప్పి కాబట్టి కదలకుండా చేస్తే పోతుంది. అందుకే పూసలను స్క్రూలతో, రాడ్లతో బిగించి, మధ్య ఎముక ముక్కలు పెట్టి ఒక్కటిగా అతికిస్తారు. ఇదే ఫ్యూజన్. ఈ తర్కాన్ని మన నైయాయికుల, అంటే న్యాయదర్శనపు తార్కికుల, ముందు పెడితే వాళ్లు మొదట అడిగేది వ్యాప్తి గురించే, అంటే ఒకటి ఉన్నచోటల్లా రెండోదీ ఉంటుందా అని. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటేనే కొండ మీది పొగ నిప్పుకు సాక్ష్యం. మరి అరుగుదల ఉన్న ప్రతిచోటా నొప్పి ఉందా? నడుం నొప్పి లేని మూడువేల మందికి పైగా స్కానింగులను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతానికి, యాభై ఏళ్లవాళ్లలో 80 శాతానికి డిస్కులు అరిగే ఉన్నాయి. హేతువు ఇలా నియమం తప్పడాన్ని న్యాయదర్శనం 'వ్యభిచారం' అంటుంది. ఆ హేతువు ఇక చెల్లదు. తలనొప్పికి నెరిసిన జుట్టును కారణంగా చూపడం లాంటిదే ఇదీ.

ఫ్యూజన్ పుట్టుకలో ఈ దోషం లేదు. 1911లో న్యూయార్కులో శస్త్రవైద్యులు హిబ్స్, ఆల్బీ దాన్ని మొదలుపెట్టింది క్షయ తొలిచేసిన వెన్నెముకలకు. అక్కడ రోగం ఎముకదే, మందు ఎముకకే. విరిగిన పూసకూ, పట్టుతప్పి జారే పూసకూ ఇప్పటికీ అది అవసరమే. చిక్కంతా ఉత్త నొప్పికి దాన్ని వాడడంలోనే. 'చేయించుకున్నవాళ్లు బాగుపడ్డారుగా' అనవచ్చు. నిజమే, 2001లో స్వీడన్ పరిశోధనలో శస్త్రచికిత్స జరిగినవాళ్లలో 63 శాతం మంది మెరుగయ్యామన్నారు. మామూలు ఫిజియోథెరపీ పొందినవాళ్లలో 29 శాతమే. కానీ పోటీకి నిలబెట్టింది ఎవరిని? పద్ధతిగా వ్యాయామం చేయించి, కదిలితే ఏదో విరిగిపోతుందన్న భయాన్ని పోగొట్టే చికిత్సతో పోల్చినప్పుడు నార్వేలో తేడా కనిపించలేదు, బ్రిటన్‌లో కనిపించినది స్వల్పం. 2016లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు, పరిశోధనలో భాగంగా తప్ప నడుం నొప్పికి ఫ్యూజన్ చేయవద్దన్నాయి.

'అంటే నొప్పంతా మనసులోనే ఉందంటారా?' ఇది అందరికన్నా రోగిని ఎక్కువ గాయపరిచే ప్రశ్న. ఎముకలో లేకపోతే భ్రమే అయి ఉండాలన్న ఊహ దాని వెనక ఉంది. న్యాయదర్శనంలో దుఃఖం ఆత్మకు గుణం, దాన్ని గ్రహించే ఇంద్రియం మనసు. కన్ను చూసిన రూపం ఎంత నిజమో మనసు పట్టిన బాధా అంతే నిజం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనం కూడా నొప్పిని అనుభవంగానే చెప్పింది, గాయంగా కాదు. కాబట్టి నొప్పికి ప్రమాణం రోగి మాటే. స్కానింగు దాన్ని రుజువూ చేయలేదు, కొట్టివేయనూ లేదు. ఇక 'ప్రారబ్ధం, ఓర్చుకో' అనేవాళ్ల సంగతి. ఆత్మ ఉందా లేదా అని నైయాయికులతో బౌద్ధులు వందల ఏళ్లు తగవులాడారు గానీ, ఈ విషయంలో బుద్ధుడి ఉదాహరణ ఎవరికైనా పనికొస్తుంది. శరీరానికి తగిలే బాణం ఒకటి, దాని గురించి కుమిలిపోవడం రెండోది అని చెప్పినవాడు, మొదటి బాణం లేదని మాత్రం అనలేదు. కపిలవస్తులో శాక్యుల కొత్త సభాభవనంలో చాలా రాత్రి దాకా బోధించాక, నడుం నొప్పిగా ఉందని అందరి ముందూ చెప్పి, మిగతాది శిష్యుడు ఆనందుణ్ణి చెప్పమని, పైవస్త్రాన్ని నాలుగు మడతలుగా పరుచుకుని కుడిపక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు.