బండి తాళము

మామిడికాయల కాలము వచ్చినదంటే మా రెడ్డిగూడెములో ఎవరికిని సరియైన నిద్ర యుండదు. కాయ కోసిన వెంటనే నున్న మార్కెట్టుకు చేర్చవలెను గదా. రెండేండ్ల క్రిందట అట్టి ఒక తెల్లవారుజామున మా సంఘములోని ఒక రైతు పెద్ద కుమారుడు లోడు వెంట మోటారు సైకిలుమీద బయలుదేరి మరల ఇల్లు చేరలేదు. బండి తాళము తండ్రియే అతని చేతికిచ్చెను. ఆ దినము మొదలుకొని ఆ తండ్రి నోట ఒక్కటే మాట: "ఆ తాళం దాచేసి ఉంటే నా కొడుకు బతికేవాడు అయ్యగారూ."

నేను ఆదరణ వాక్యములు చదివితిని, ప్రార్థించితిని, అంతయు దేవుని చిత్తమంటిని. ఆయన తల యూపెను. తల యూపుటకును ఆదరణ పొందుటకును ఎంత దూరమో కాపరులమైన మాకు తెలియును.

ఇటీవల ఆ యింటి చిన్నవాడు, డిగ్రీ చదువుచున్నవాడు, సెల్‌ఫోను పట్టుకొని నాయొద్దకు వచ్చెను. తాను ఆడిన ఒక ఆట ముగింపు తనకు బోధపడలేదట. ఆట సంగతి పాస్టరునడుగుట ఏమిటని మీరు నవ్వవచ్చును, నేనును నవ్వితిని. అతడు నవ్వలేదు.

ఆ ఆట పేరు లైఫ్ ఈజ్ స్ట్రేంజ్. ఫ్రాన్సు దేశపు డోంట్‌నాడ్ అను సంస్థవారు 2015లో దీనిని ఐదు భాగములుగా వెలువరించిరి. ఇందులో కాల్పులు, పందెములకన్న కథయే ముఖ్యము. కథలోని మనిషి ఏమి చేయవలెనో ఆడువాడు నిర్ణయించుచుండవలెను. అమెరికాలో ఆర్కేడియా బే అను ఒక కల్పిత పట్టణము. అక్కడ ఫోటోగ్రఫీ నేర్చుకొనుచున్న మాక్స్ అను అమ్మాయి, తన చిన్ననాటి నేస్తమైన క్లోయీ తుపాకి దెబ్బకు కూలుట కన్నులార చూచును. అప్పుడే కాలమును వెనుకకు త్రిప్పు శక్తి తనకున్నదని తెలిసికొని ఆమెను బ్రతికించుకొనును. కడకు ఒక మహా తుఫాను పట్టణముమీదికి వచ్చును. కాలమును కదిలించినందుననే అది వచ్చెనని ఆ యిద్దరును తలంతురు. అప్పుడు ఆడువాని యెదుట రెండు దారులుండును: ఒక ఫోటో ద్వారా ఆ మొదటి గడియకు తిరిగి వెళ్లి క్లోయీని చావనిచ్చుట, లేదా ఆ ఫోటోను చింపివేసి పట్టణమును తుఫానుకు విడిచిపెట్టుట.

"రెండింట్లో ఏది నిజం అయ్యగారూ? ఒకటి ఎంచుకుంటే రెండోది జరగనట్టేనా, లేక ఇంకెక్కడో జరుగుతూనే ఉంటుందా?" అని అతడడిగెను.

ఆట చేసినవారు ఏ ముగింపునకును నిజమని ముద్ర వేయలేదు. 2024లో వచ్చిన కొనసాగింపులోను క్లోయీ సంగతి ఏమైనదో ఆడువానినే చెప్పుమందురు. జరుగగలదంతయు వేర్వేరు శాఖలలో జరుగుచునే యుండునని 1957లో హ్యూ ఎవరెట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతము ప్రతిపాదించెను. అది నిజమే యైనను, ఆ శాఖలోని అన్న ఈ యింటి భోజనమునకు రాడు. ఆ మాట నేను చెప్పకముందే పిల్లవాడు చెప్పెను.

పిమ్మట అతడు ఆట మూడవ భాగము చూపెను. క్లోయీ తండ్రి విలియం 2008లో కారు ప్రమాదమున మరణించియుండెను. మాక్స్ ఆ దినమునకు వెళ్లి కారు తాళములు దాచివేయును. ఆయన బస్సులో పోయి బ్రతుకును. అయితే మాక్స్ తిరిగివచ్చి చూచునప్పటికి క్లోయీయే ప్రమాదమునకు గురియై, మెడనుండి క్రిందికి శరీరము చచ్చుబడి చక్రముల కుర్చీలో నుండును. మాక్స్ మరల వెనుకకు వెళ్లి తాళములను దాచక ఊరకుండును. "ఇది నాన్నకు చూపించమంటారా?" అనునప్పుడు పిల్లవాని చేయి వణకెను.

నేను వద్దంటిని. తాళము దాచియుండినయెడల కుమారుడు బ్రతికియుండునని తండ్రికి ఎట్లు తెలియదో, దాచియుండినయెడల ఇంతకన్న కీడు కలిగియుండునని మనకును అట్లే తెలియదు. ఎరుగని దానితో ఎవరిని ఆదరింతుము?

ఆ రాత్రి హిజ్కియా రాజు నాకు జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన మరణకరమైన రోగమున ఏడ్చి ప్రార్థింపగా 15 సంవత్సరముల ఆయుష్షు దొరికెను. గురుతుగా నీడ 10 మెట్లు వెనుకకు పోయెను. స్వస్థత కూటములలో ఎంతో ఇష్టముగా చెప్పుకొందుము. అయితే లెక్క చూడుడి. తండ్రి మరణించినప్పుడు మనష్షే 12 ఏండ్లవాడు, అనగా ఆ అదనపు సంవత్సరములలో పుట్టినవాడు. (మనష్షే తండ్రితో కలిసి కొంతకాలము ఏలెనను పండితులున్నారు, వారి లెక్క వేరు.) 55 సంవత్సరములు ఏలి యెరూషలేమును నిరపరాధుల రక్తముతో నింపినవాడితడే. అట్లయిన హిజ్కియా ఆనాడే చనిపోవుట మేలా? సెమినరీలో నేనట్లే వాదించి గెలిచితిననుకొంటిని. ఇంకొక రెండు తరములు చూడనైతిని. మనష్షే మనుమడే యోషీయా! దేవాలయములో మరుగుపడిన ధర్మశాస్త్ర గ్రంథము దొరకినది అతని కాలముననే. మత్తయి వ్రాసిన వంశావళిలో వీరందరి పేర్లును వరుసగా నున్నవి. ఏ తరమునొద్ద ఆగి మేలుకీడుల లెక్క తేల్చవలెను?

మరునాడు ఆ తండ్రి యొద్దకు పోతిని. ఈసారి దేవుని చిత్తమని చెప్పలేదు. "తాళం రోజూ ఇచ్చేదే గదా, ఆ రోజూ ఇచ్చావు. అది పాపం కాదు. పాపం కానిదానికి రెండేళ్లనుండి క్షమాపణ అడుగుతున్నావు, దొరకడంలేదు. ఎలా దొరుకుతుంది?" అంటిని. కోపగించుకొనునేమోయని భయపడితిని. ఆయన చాలసేపు నేలవైపు చూచుచుండెను.

"తాళం మాట అలా ఉంచండయ్యగారూ. ఆ పొద్దున వాడు లేవలేదని, సోమరిపోతా, నువ్వెందుకూ పనికిరావని అన్నాను. వాడు తలెత్తకుండా తాళం తీసుకుని వెళ్లిపోయాడు."

ఈ మాట ఆయన నాతో ఎన్నడును అనియుండలేదు. ఇద్దరమును ఆ అరుగుమీదనే మోకరించితిమి. చిన్నవాడు గుమ్మములో నిలిచి వినుచుండెను.